టీచర్లు పిల్లలతో వాట్సాప్‌లోనూ, బ్లాగుల్లోనూ మాట్లాడటం మంచిదేనా?

బ్లాగు రాయండి, వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టకండి. ఇదీ నా జవాబు. ఎందుకని అడిగితే నేను చేసిన వెధవ పని ఒకటి ఒప్పుకోవాలి.

గుంటూరులో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. 2009 ప్రాంతాల్లో బ్లాగరులో ఒక బ్లాగు తెరిచాను. లేఖిని అనే వెబ్ పేజీలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది, దాన్ని తీసుకెళ్ళి అక్కడ అతికించేవాణ్ణి. ఒక్క వర్గమూలం గుర్తు పెట్టడానికి అరగంట పట్టేది. పిల్లలు బ్రాడీపేటలో నెట్ సెంటర్లకు పోయి డబ్బులు కట్టి చూసొచ్చేవాళ్ళు. లెక్కల కోసమని ఇంట్లో చెప్పి పాటలు ఎక్కించుకొచ్చినవాళ్ళే ఎక్కువ, అది వేరే సంగతి. తర్వాత బ్లాగులంటే ముసలివాళ్ళ వ్యవహారం అనిపించి వదిలేశాను.

2020 మార్చిలో బళ్ళు మూతపడ్డాయి కదా, అప్పుడందరూ గ్రూపులు పెట్టారు, నేనూ పెట్టాను. ఆ రోజుల్లో వేరే దారి లేదు కాబట్టి దాన్ని తప్పు పట్టను. 2021 ఆగస్టు 16న బళ్ళు మళ్ళీ తెరిచారు, గ్రూపులు మాత్రం మూయలేదు. నాకేమో సుఖంగా ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చి, టీ తాగుతూ నాలుగు లెక్కలు ఫోటో తీసి తొమ్మిదో తరగతి గ్రూపులో పడేసేవాణ్ణి. బోర్డు మీద రాసే పని తప్పింది.

2022 ఫిబ్రవరి. గమన నియమాలు నడుస్తున్నాయి. ఒక కుర్రాడు వరసగా నాలుగు రోజులు హోంవర్కు చేయలేదు. అడిగితే తల దించుకుని నిలబడతాడు. నేను ఊరుకోవచ్చుగా! గ్రూపులో నేను పెట్టిన లెక్కల మెసేజీని నొక్కిపట్టి ఎవరెవరు చదివారో తీశాను. వాడి పేరు పక్కన రాత్రి ఏడుంబావు అని ఉంది. గ్రూపుల్లో ఆ నీలం టిక్కుల్ని ఆపుకునే వీల్లేదు, అదో దిక్కుమాలిన ఏర్పాటు. ఫోను పట్టుకెళ్ళి క్లాసులో అందరి ముందూ చూపించాను. "చూశావు కూడానూ! చూసి కూడా చేయలేదంటే ఎంత పొగరు?" అన్నాను. పిల్లలు నవ్వారు. వాడు ఏమీ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ వాళ్ళ నాన్న వచ్చాడు. మిర్చి యార్డులో ముఠా కూలీ, అంటే బస్తాలు మోసే పని. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు బెంచీ పిల్లలు తుమ్మడం మొదలుపెట్టారు. చొక్కా నిండా, కనురెప్పల మీద కూడా ఎర్రటి కారప్పొడి. సీజన్లో ఆ యార్డుకి రోజుకు లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పైనే వస్తాయి. ఒక్కోటి 40 కిలోల పైచిలుకు. పొద్దుగూకినా పని తెమలదు. ఆయన లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి అన్నాడు: "మేష్టారండీ, అది నొక్కింది నేనండి. మా వాడు కాదండి."

ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. అది ఆయన జేబులో ఉంటుంది. టింగు టింగుమంటుంటే మేస్త్రి విసుక్కుంటాడని తెరిచి మూసేస్తాడు. ఆయనకు చదువు రాదు. ఇంటికి చేరేసరికి పదకొండు, పిల్లవాడు నిద్రపోయి ఉంటాడు. పొద్దున ఆరింటికి ఫోను మళ్ళీ యార్డుకి. నేను టీ తాగుతూ పెట్టిన నాలుగు లెక్కలూ వాడికి చేరనే లేదు. ఆ మాట క్లాసులో చెబితే నాన్నకి చదువు రాదని అందరికీ తెలుస్తుందని నోరు విప్పలేదట. ఇదంతా చెప్పి "కొట్టకండయ్యా" అన్నాడు. నేను కొట్టలేదని చెప్పాను. కొట్టినా నయంగా ఉండేదని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ రాత్రే గ్రూపు మూసేశాను. పాత బ్లాగు పాస్‌వర్డు గుర్తుకు రావడానికి రెండు రోజులు పట్టింది.

గ్రూపంటే మనం వాళ్ళింట్లోకి దూరడం. ఏ వేళప్పుడు, ఎవరి చేతిలోకి వెళ్తున్నామో తెలియదు. బ్లాగు మన అరుగు. ఆదివారం నాన్న ఇంట్లో ఉన్నప్పుడు వచ్చి చూసుకుంటారు, ఎవరు చూశారో నేను లెక్కపెట్టను. హోంవర్కు మళ్ళీ బోర్డు మీదే. ఇప్పుడు అందరిళ్ళలోనూ రెండేసి ఫోన్లున్నాయిగా అని మా స్టాఫ్‌రూమ్‌లో వాదిస్తారు. ఉండనివ్వండి. రాసిపెట్టుకోండి, పదేళ్ళలో టీచర్లంతా బ్లాగుల్లోకే తిరిగొస్తారు.

ఇంకో గొడవ. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. ఒక ఆడపిల్ల వాళ్ళమ్మ నంబరుకి ఎవడో రాత్రిళ్ళు గుడ్‌మార్నింగు గులాబీలు పంపాడు, ఆ అమ్మాయి వారం రోజులు బడికి రాలేదు. 2023లో వచ్చిన వాట్సాప్ ఛానళ్ళలో చేరినవాళ్ళ నంబర్లు ఒకరికొకరికి కనబడవు. అంత అవసరమైతే అది పెట్టుకోండి. ఇక క్లాసులో పిల్లల చేత డాన్సులు చేయించి రీల్స్ తీసే మహానుభావులున్నారు, వాళ్ళకి నా దండం. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ళలోపు అందరూ పిల్లలే, వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని రాసి ఉంది. ఒక్క తల్లినైనా అడిగారా? మేం మాత్రం కొన్నేళ్ళు మధ్యాహ్న భోజనం ఫోటో, మరుగుదొడ్డి ఫోటో ప్రభుత్వ యాప్‌లో ఎక్కిస్తూ కూర్చున్నాం, సిగ్నలు లేక ఆ గుండ్రం తిరుగుతూనే ఉండేది. పాఠం ఎప్పుడు చెప్పాలో ఆ యాప్ రాసినవాళ్ళే చెప్పాలి.

ఫేస్‌బుక్ సంగతి కూడా అడుగుతారేమో. పదో తరగతి పాసై టీసీ తీసుకెళ్ళేదాకా ఏ పిల్లవాడి రిక్వెస్టూ ఒప్పుకోను.

ఆ కుర్రాడు తర్వాత పాలిటెక్నిక్‌లో చేరాడు. మొన్న దసరా సెలవుల్లో నా బ్లాగులో గమన నియమాల పేజీ కింద కామెంటు పెట్టాడు: "సార్, మూడో లెక్కలో జవాబు న్యూటన్లలో రావాలి, మీరు కిలోలు వేశారు." తీసి చూస్తే నిజమే. అన్నేళ్ళుగా అక్కడే ఉంది, ఒక్కరూ చెప్పలేదు. దిద్దాను.