అమ్మిపెట్టమని ఇచ్చిన బోటు అమ్ముడుపోయింది, పైసలు మాత్రం రాలేదు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా నేరేడుగొమ్ము మండలం. సాగర్ బ్యాక్‌వాటర్‌లో చేపలు పడతాం. మా ఫైబర్ బోటు, దాని ఇంజన్ కలిపి అమ్మిపెట్టమని దసరా అయ్యాక మాచర్ల వైపు పాత బోట్లు, ఇంజన్లు అమ్మే ఒకాయనకు ఇచ్చాను. మా రేవుకే వచ్చి తీసుకుపోయాడు. 1,70,000కు తగ్గొద్దు, అమ్మితే 8,000 కమీషన్ అని మాట. బాండ్ పేపరు ఏమీ లేదు, అంతా వాట్సాప్‌లోనే. సంక్రాంతి దాటినా "ఇంకా ఎవరూ రాలేదన్నా" అనే చెప్పాడు. తర్వాత మా బామ్మర్ది సోమశిల దగ్గర మా బోటును చూశాడు, నీలం రంగు వేసి ఉంది. గట్టిగా అడిగితే, డిసెంబర్‌లోనే 1,45,000కు పోయిందని, కొన్నాయన ఇంకా మొత్తం ఇవ్వలేదని, ఇంజన్ రిపేరుకు 14,000, బోటు పెట్టుకున్నందుకు కిరాయి 8,000 పట్టుకుంటానని అంటున్నాడు. ఫోన్‌పేలో 20,000 పంపాడు. 60,000కు చెక్కు ఇచ్చి, నేను చెప్పేదాకా బ్యాంకులో వేయొద్దన్నాడు. ఇంజన్ బిల్లు, బోటు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. రాత్రికి రాత్రి పోయి తెచ్చుకుందాం అంటున్నాడు మా బామ్మర్ది. తెచ్చుకోవచ్చా? పోలీసు కేసు అవుతుందా?

జవాబు: అన్నా, మొదట మీ బామ్మర్దిని ఆపండి. సోమశిల ఉన్నది శ్రీశైలం డ్యామ్‌కు పైన, సాగర్ నుంచి నీళ్ల మీద పోయి లాక్కొచ్చేది కాదు, డీసీఎం వ్యాను మాట్లాడుకొని నలుగురు మనుషులతో రోడ్డు మీద తేవాలి. పొద్దున్నే ఆ కొన్నాయన స్టేషన్‌కు పోయి బోటు దొంగతనం జరిగిందని కాగితం రాసిచ్చాడంటే, డబ్బులు రావాల్సిన మీరే ముద్దాయి అయి కూర్చుంటారు.

ఇక అసలు సంగతి. మీరు ఆయనకు బోటు అమ్మలేదు, అమ్మిపెట్టమని ఇచ్చారు. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ మీ కేసు మొత్తం ఈ తేడా మీదే నిలబడుతుంది. అమ్మి ఉంటే ఆయన మీకు బాకీ ఉన్న మనిషి, అంతే. అమ్మిపెట్టమని ఇస్తే ఆయన మీ ఏజెంటు. అమ్ముడుపోయే నిమిషం దాకా బోటు మీది, అమ్మాక వచ్చిన సొమ్ము ఆయన జేబులో ఉన్నా సరే మీది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 213 సెక్షన్ అడిగినప్పుడు లెక్క చెప్పమంటుంది, 218 సెక్షన్ వసూలైంది అప్పగించమంటుంది. న్యాయంగా తనకు రావాల్సింది మాత్రం మినహాయించుకోవచ్చు. ఆ "న్యాయంగా" దగ్గరే ఆయన ఇప్పుడు ఆట ఆడుతున్నాడు, అక్కడికి వస్తాను.

బోటు వెనక్కి వస్తుందా అంటే, నేనైతే ఆశ పెట్టుకోను. మామూలుగా తనది కాని వస్తువును ఎవరైనా అమ్మితే కొన్నవాడికి హక్కు రాదు. కానీ 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27 సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: వస్తువులు అమ్మిపెట్టడమే వ్యాపారంగా ఉన్న మనిషి చేతికి యజమానే ఇష్టపడి వస్తువు ఇచ్చి, ఆయన తన వ్యాపారంలో ఎప్పుడూ అమ్మినట్టే అమ్మి, కొన్నవాడికి లోపలి గొడవ తెలియకపోతే, ఆ అమ్మకం చెల్లుతుంది. 1,70,000కు తగ్గొద్దు అన్నది మీ ఇద్దరి మధ్య మాట, అది తెలియకుండా కొన్నవాడిని కట్టెయ్యదు. కాగితాలు మీ దగ్గర ఉండగా ఆయన ఎట్లా కొన్నాడు అని మనం వాదించొచ్చు, అది పనికొచ్చే వాదనే, కాకపోతే సోమశిల బోటు మీద ఇంజంక్షన్ (కోర్టు స్టే), కోర్టు కమిషనర్, వాయిదాలు అని తిరిగేలోపు రెండు సీజన్లు పోతాయి. ఒక్క సంగతి మాత్రం తెలుసుకోండి, ఆ కొన్న మనిషి డీలర్‌కు చుట్టమా, ఆయన బినామీనా అని. అలా తేలితే కథ మారుతుంది, మీకు చెప్పకుండా ఏజెంటే కొనుక్కున్నట్టు అవుతుంది, అప్పుడు అమ్మకమే చెల్లదని అడగొచ్చు. లేదంటే బోటును వదిలి డబ్బుల వెంట పడండి.

డబ్బుల లెక్కకు వద్దాం. 1,70,000కు తగ్గొద్దు అని చెప్పాక 1,45,000కు అమ్మితే ఆ 25,000 నష్టం ఆయనదే, కాంట్రాక్టు చట్టం 211 సెక్షన్ ప్రకారం యజమాని చెప్పినట్టు చేయని ఏజెంటు నష్టం కట్టివ్వాలి. "కొన్నాయన ఇంకా ఇవ్వలేదు" అన్నదానికీ జవాబు అందులోనే ఉంది. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ దాదాపు మీ కథే: అరువుకు అమ్మే ఆనవాయితీ లేని చోట బ్రోకరు అరువు మీద అమ్మాడు, కొన్నవాడు దివాలా తీశాడు, ఆ నష్టం బ్రోకరే భరించాలి అని. మీరు అరువుకు అమ్మమని చెప్పలేదు కదా, మరి సోమశిల ఆయన ఇచ్చినా ఇవ్వకపోయినా మీకేం సంబంధం?

ఇంజన్ రిపేరు 14,000 అంటున్నాడు, బిల్లు చూపించమనండి, మిమ్మల్ని అడిగి చేయించాడా, అడగకుండా చేయించాడా అన్నది చూడాలి. కిరాయి 8,000 అయితే మాట్లాడుకోని సొమ్ము, అమ్మిపెట్టే షాపులో సరుకు పెట్టుకోవడం వాళ్ల వ్యాపారంలో భాగమే. కమీషన్ విషయంలో, పని తప్పుగా చేసిన ఏజెంటుకు ఆ మేరకు కమీషన్ రాదని చట్టం అంటుంది గానీ, నా సలహా మాత్రం ఆ 8,000 మినహాయించే అడగండి. మన లెక్క నిక్కచ్చిగా ఉందని రేపు కోర్టుకు కనపడాలి. అంటే 1,70,000లో 8,000, ముట్టిన 20,000 తీసేస్తే 1,42,000. నోటీసులో ఈ అంకే రాయండి, కోపంలో ఐదు లక్షల పరువు నష్టం అవీ ఇవీ కలపొద్దు.

చెక్కు గురించి మీరు పెద్దగా పట్టించుకోలేదు గానీ మీ చేతిలో ఉన్న గట్టి ఆయుధం అదే. "చెప్పేదాకా వేయొద్దు" అనేది చెక్కులిచ్చే ప్రతివాడూ చెప్పే మాట. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలలే దానికి ప్రాణం. తేదీ రాగానే మీ ఖాతాలో వేయండి. పాసైతే 60,000 వచ్చినట్టే. వేసే ముందు "మొత్తం బాకీలో ఇది కొంత భాగం మాత్రమే" అని ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి, లేదంటే దానితో అంతా సెటిల్ అయిందని రేపు అంటాడు. బౌన్స్ అయితే బ్యాంకు ఇచ్చే మెమో భద్రంగా పెట్టుకోండి. ఆ సమాచారం అందిన 30 రోజుల్లోపు లిఖితపూర్వకంగా నోటీసు, నోటీసు ముట్టాక ఆయనకు 15 రోజుల గడువు, అది దాటిన నెలలోపు చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం) 138 సెక్షన్ కింద కోర్టులో కంప్లయింట్. రెండేళ్ల దాకా జైలు, చెక్కు సొమ్ముకు రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. ఇందులో మీకు కలిసొచ్చేది ఇంకోటుంది. 2015లో ఆ చట్టం మార్చాక, చెక్కు మీ ఖాతాలో వేస్తే ఆ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు కిందికి వస్తుందో అక్కడే కేసు. మీ ఖాతా దేవరకొండలో ఉందనుకోండి, నది దాటి వాయిదాకు రావాల్సింది ఆయన. డబ్బు కేసుకూ అంతే, బోటు మీ రేవులోనే తీసుకున్నాడు కాబట్టి వ్యవహారంలో కొంత ఇక్కడే జరిగింది, మాచర్లకు తిరగాల్సిన పని లేదు. నది మధ్యలో రాష్ట్రం మారిందని భయపడకండి.

పోలీసు కేసు అవుతుందా అంటే, అవుతుంది, కానీ ఎట్లా రాసిస్తారన్నది ముఖ్యం. "నాకు డబ్బులు ఇవ్వట్లేదు" అని రాస్తే ఎస్సై కాగితం కూడా పూర్తిగా చదవకుండా ఇది సివిల్ మ్యాటర్ అంటాడు, అందులో ఆయన తప్పు కూడా లేదు. "అమ్మిపెట్టమని నమ్మి నా బోటు అప్పగించాను, డిసెంబర్‌లో అమ్మి, ఆ తర్వాత కూడా అమ్మలేదని నాకు చెప్పాడు, వచ్చిన సొమ్ము వాడుకున్నాడు" అని రాయండి. ఇది భారతీయ న్యాయ సంహితలో 316 సెక్షన్, నమ్మకద్రోహం. 2024 జూలై 1కి ముందు జరిగిన వాటికి పాత ఐపీసీ 406, 409. దానితోపాటు చీటింగ్ కూడా తగిలించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఒకే సంగతి మీద ఈ రెండూ పొసగవని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది.

ఈ కేసుకు ప్రాణం ఆ సంక్రాంతి తర్వాతి మాటే. "ఇంకా ఎవరూ రాలేదన్నా" అన్నది వాయిస్ మెసేజ్ అయితే, డిసెంబర్‌లో అమ్మాననే మాట కూడా మెసేజ్‌లో ఉంటే, రెండూ పక్కపక్కన పెడితే చాలు, మనం వేరే ఏమీ చెప్పక్కర్లేదు. ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) 63 సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి, అది మీ వకీలు చూసుకుంటాడు.

ఇంకోటి, ఆ నీలం రంగు బోటు మీదేనని ఎట్లా చెబుతారు? రంగు మారింది, పేరు చెరిపేసి ఉంటారు. ఇంజన్ మీద నంబరు ప్లేటు, మీ బిల్లులో నంబరు ఒకటే అయితే గొడవ లేదు. పాత ఫోటోలు వెతకండి, ముక్కు దగ్గర ఫైబర్ అతుకు వేయించి ఉంటారు, ఆ గరుకు రంగు కింద కూడా తెలుస్తుంది. మీ బామ్మర్దికి ఇప్పుడు ఈ పని చెప్పండి: పగటిపూట పోయి, బోటును ముట్టుకోకుండా, దగ్గర నుంచి నాలుగు ఫోటోలు తీసుకురమ్మనండి. (నేను వకీలునై ఉండి కూడా ఒకసారి నా పాత స్కూటర్‌ను పాత బండ్లు అమ్మిపెట్టే ఒక కన్సల్టెన్సీలో పెట్టి రసీదు అడగలేదు, సిగ్గుపడి. మూడు నెలలు తిరిగాను. కాబట్టి బాండ్ పేపరు లేదని మిమ్మల్ని తిట్టే అర్హత నాకు లేదు.)

బోటు సబ్సిడీలో వచ్చిందైతే అమ్మకూడదనే షరతు ఏదైనా ఉందేమో నోటీసు ఇచ్చే ముందే చూసుకోండి, అవతలి వకీలు మొదట పట్టుకునేది అదే. బోటు రిజిస్ట్రేషన్ మీ పేరున ఉంటే అమ్మిన సంగతి ఆ అధికారికి కూడా రాసి పెట్టండి, రేపు అది మునిగినా, మనుషులకు దెబ్బ తగిలినా పేరు మీదే కదా. ఫీజు గురించి టెన్షన్ పడకండి, ఎస్సీ, ఎస్టీ, ఆడవాళ్లయితే ఆదాయంతో పని లేకుండా మండల న్యాయ సేవల కమిటీ ఉచితంగా వకీలును ఇస్తుంది, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పిలిపించమని కూడా అక్కడే అడగొచ్చు. ఆయన అక్కడ ఒప్పుకొని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం. వినియోగదారుల కమిషన్‌కు పోదామని కొందరు అంటారు, పోవచ్చు, కానీ ఇది వ్యాపారమా, జీవనోపాధా అనే చర్చలోనే ఏడాది పోతుంది.

సివిల్ దావాకు మూడేళ్ల గడువుంది, తొందరేం లేదు. తొందరంతా చెక్కుతోనే. దాని మీద తేదీ ఏముందో మీరు రాయలేదు. మూడు నెలలు దగ్గర పడుతుంటే నోటీసు, స్టేషన్ అన్నీ పక్కన పెట్టి రేపు పొద్దున బ్యాంకు తలుపులు తీసేసరికి అక్కడుండండి.