బయట షాక్ అబ్జార్బర్లు మార్పిస్తే వారంటీ మొత్తం పోతుందా?

ప్రశ్న: నేను కాకినాడలో ఉంటాను. పదహారు నెలల కిందట రూ.9.6 లక్షలు పెట్టి, అందులో ఎక్కువ భాగం అప్పు తీసుకుని, నాలుగు చక్రాల ఎలక్ట్రిక్ డెలివరీ వ్యాన్ కొన్నాను. ఒక పార్సిల్ సంస్థకు సరుకు చేరవేస్తాను. బండి నేనే నడుపుతాను. సరుకు దించడానికి మా బావమరిది వస్తాడు, నాకు ఒంట్లో బాగోలేని రోజు తనే నడుపుతాడు. 31 వేల కిలోమీటర్ల దగ్గర వెనుక ఎడమ షాక్ అబ్జార్బర్ నుంచి నూనె కారడం మొదలైంది. సర్వీస్ సెంటర్ వాళ్లు ‘ఎక్కువ బరువు వేశారు, ఇది వారంటీలోకి రాదు’ అన్నారు. డబ్బు కట్టి మార్పించుకుంటానన్నా, విడిభాగాలు రాలేదంటూ తొమ్మిది రోజులు బండిని అక్కడే ఉంచారు. విసిగిపోయి బండి తెచ్చుకుని, అదే పార్ట్ నంబరున్న కొత్త జత కొని, తెలిసిన మెకానిక్‌తో వేయించాను. నెల తిరిగేసరికి బండి ఛార్జింగ్ తీసుకోవడం మానేసింది. ‘బయట పని చేయించారు కాబట్టి మొత్తం వారంటీ రద్దయింది’ అంటున్నారు. అనవచ్చా? వ్యాపారానికి వాడే బండి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేమని ఒకరు చెప్పారు. నిజమేనా? పోయిన సంపాదన అడగవచ్చా?

జవాబు: ముందు నాదొక ప్రశ్న. విప్పిన పాత షాక్ అబ్జార్బర్లు ఎక్కడున్నాయి? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ సంగతి లేదు. మెకానిక్ దుకాణం వెనక తుక్కులో పడి ఉంటే ఈరోజే వెళ్లి రెండూ తెచ్చుకోండి. కారిన దానిని తుడవకండి, కడగకండి. మెకానిక్ ఎదురుగా, పార్ట్ నంబరు కనిపించేలా ఫొటోలు తీసి, సంచిలో వేసి తేదీ రాసిపెట్టండి. వస్తువులో లోపం ఉందా లేదా అన్నది చూడగానే తేలనప్పుడు దానిని ప్రయోగశాలకు పంపే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 38వ సెక్షన్ కమిషన్‌కు ఇచ్చింది. పరీక్ష రుసుము ముందు మీరే కట్టాలి. పంపడానికి వస్తువే లేకపోతే మిగిలేది మీ మాట, వాళ్ల మాట. వాళ్లకు జాబ్ కార్డు, అంటే బండి చేర్చుకున్నప్పుడు సర్వీస్ సెంటర్ రాసుకునే పని వివరాల కాగితం, ఉంది, మీకు లేదు.

ఇక వ్యాపారపు బండి సంగతి. మీకు చెప్పినవారు చట్టంలో సగమే చదివారు. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారు వినియోగదారులు కారన్నది నిజమే. కానీ అదే నిర్వచనం కింద ఉన్న వివరణ ప్రకారం, స్వయం ఉపాధితో బతుకుతెరువు సంపాదించుకోవడానికే కొని తానే వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందకు రాదు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు అచ్చం మీలాంటి వారినే ఉదాహరణగా తీసుకుంది. బతుకుతెరువుకు ఆటోరిక్షా కొని తానే నడుపుకునే మనిషి, లారీ కొని తానే తోలుకునే మనిషి వినియోగదారులేనంది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదనీ చెప్పింది. కాబట్టి బావమరిది గురించి దిగులు వద్దు. అయితే రేపు రెండో వ్యాన్ కొని జీతానికి డ్రైవర్‌ను పెడితే లెక్క మారుతుంది. కొన్నది వాణిజ్య ప్రయోజనానికే అని రుజువు చేయాల్సిన భారం అవతలి పక్షానిదేనని 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా మీ ఫిర్యాదు రెండో పేరాలోనే ‘ఇది తప్ప నాకు వేరే ఆదాయం లేదు, బండి నేనే నడుపుకుంటాను’ అని స్పష్టంగా రాయండి. ఈ ఒక్క వాక్యం లేక మొదటి వాయిదాలోనే చిక్కుల్లో పడిన ఫిర్యాదులను నేను చూశాను.

ఇప్పుడు అసలు చిక్కు: బరువు. మీ పక్షాన మాట్లాడే న్యాయవాదికి అన్నిటికన్నా భయం ఇక్కడే. ఆర్సీ తీసి రెండు అంకెలు చూడండి. ఒకటి సరుకుతో సహా అనుమతించిన మొత్తం బరువు, రెండోది ఖాళీ బండి బరువు. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే వచ్చేదంతా పార్సిళ్లకే అనుకుంటారు చాలామంది. మోటారు వాహనాల చట్టం లెక్కలో ఖాళీ బండి బరువు అంటే డ్రైవరు, సహాయకుడు లేని బరువు. బ్యాటరీ ఖాళీ బరువులోనే ఉంటుంది, మీరిద్దరూ ఉండరు. తేడా 620 కిలోలు వచ్చిందనుకోండి, మీరిద్దరూ కలిసి 140 కిలోలుంటే సరుకుకు మిగిలేది 480. పార్సిల్ సంస్థ రోజూ ఇచ్చే సరుకు చీటీల్లో బరువులుంటాయి కదా, నూనె కారడానికి ముందు మూడు నెలలవి ముందుపెట్టుకుని కూడి చూడండి. లోపలే ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. దాటి ఉంటే ఆ సంగతి దాచి ఫిర్యాదు వేయకండి. ఆ చీటీలను వాళ్లు పార్సిల్ సంస్థ నుంచి తెప్పించగలరు. పైగా అధిక బరువుకు మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షన్ కింద జరిమానాయే రూ.20 వేలు, ఆపై ప్రతి అదనపు టన్నుకూ మరో రూ.2 వేలు. ఆ పరిస్థితిలో షాక్ అబ్జార్బర్ల ఖర్చు వదిలేసి ఛార్జింగ్ వారంటీ మీదే పోరాడమంటాను.

చీటీలు సరిగ్గా ఉంటే మాత్రం, ‘ఎక్కువ బరువు వేశారు’ అన్న మాట వాళ్లే నిలబెట్టుకోవాలి. ఏ రోజు, ఎంత, దేన్ని చూసి అన్నారు? కమాన్ కట్టలు వంగాయా? వెనుక టైర్లు మితిమీరి అరిగాయా? జాబ్ కార్డులో ఆ పరిశీలన రాశారా? కుడివైపుది బాగుండి ఎడమది ఒక్కటే కారిందన్నది మీకు కాస్త అనుకూలం. అలవాటుగా ఎక్కువ బరువు మోసిన బండిలో రెండు వైపులా దెబ్బ కనిపిస్తుందని నిపుణుడితో చెప్పించవచ్చు. ఒక పక్కకే సరుకు పేర్చే అలవాటు మీకు ఉందేమో మాత్రం అవతలి న్యాయవాది తప్పకుండా అడుగుతాడు.

వారంటీ పుస్తకంలో షాక్ అబ్జార్బర్ల పేరు ఏ జాబితాలో ఉందో కూడా చూడండి. బ్రేక్ లైనింగులు, వైపర్లు, రబ్బరు బుష్‌ల లాంటి అరిగిపోయే వాటితో కలిపి రాస్తే ఆ భాగం మీద మీ వాదన బలహీనం. అక్కడ లేకపోతే ‘వారంటీలోకి రాదు’ అనడానికి వాళ్లకు కాగితం ఆధారం లేదు.

అన్నిటికన్నా బలమైనది మీ రెండో ఫిర్యాదు. షాక్ అబ్జార్బర్లు మార్చినందుకు ఛార్జర్ వారంటీ ఎలా పోతుంది? కార్ల కంపెనీలు విడిభాగాలను బయటి మెకానిక్‌లకు అందనీయడం లేదన్న కేసులో, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న పద్నాలుగు కంపెనీలకు మొత్తం రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట మరమ్మతు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని గుండుగుత్తగా రద్దు చేసే షరతు పెట్టవద్దనీ, బయటి పని సరిగా లేక జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చనీ చెప్పింది. ఆ ఉత్తర్వు అప్పీళ్లకు వెళ్లింది. మీ వ్యాన్ కంపెనీ ఆ పద్నాలుగింటిలో లేకపోతే అది వారిని నేరుగా కట్టేయదు. కానీ అందులోని తర్కం మీ ఫిర్యాదుకు సరిగ్గా అతుకుతుంది: ఏ పని వల్ల ఏ నష్టం జరిగిందో చూపించండి, చూపించలేకపోతే వారంటీ ఇవ్వండి.

వాళ్లు చూపించగల దారి ఒకటుంది, ముందే తెలుసుకోండి. ఎలక్ట్రిక్ బండి అడుగున బ్యాటరీ పెట్టె ఉంటుంది, హైవోల్టేజి కేబుళ్లు నారింజ రంగులో పోతుంటాయి. వెనుక భాగం ఎత్తడానికి మెకానిక్ జాకీని ఛాసిస్ మీద కాక బ్యాటరీ పెట్టె కింద పెట్టి ఉంటే, లేదా బోల్టు లాగేటప్పుడు పానా జారి కేబుల్ తొడుగు చీరి ఉంటే, ఛార్జింగ్ ఆగడానికి అదే కారణం అనగలరు. బండిని సర్వీస్ సెంటర్‌కు అప్పగించే ముందే అడుగుభాగం మొత్తం తేదీతో వీడియో తీయండి. మెకానిక్ ఇచ్చిన రసీదు, కొత్త జత బిల్లు, పెట్టెల మీద పార్ట్ నంబర్లు దాచండి. వీడియోను కమిషన్ ముందు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం, అంటే ఆ వీడియో ఏ పరికరంలోదో ధ్రువీకరించే కాగితం, జత చేయాలి, కాబట్టి తీసిన ఫోనును అమ్మకండి, మార్చకండి.

ఈ సందర్భంలోనే ఇంకొక మాట. కొత్త షాక్ అబ్జార్బర్లతో పాటు ‘ఒక కమాన్ పట్టీ ఎక్కువ వేయిద్దాం, బరువు ఆగుతుంది’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అదే రకం భాగాన్ని తీసి అదే పెట్టడం మరమ్మతు. మోయగల బరువు పెంచడానికి బండి నిర్మాణాన్ని మారిస్తే అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధించిన మార్పు కింద పడే ప్రమాదం ఉంది. అప్పుడు 182ఏ కింద శిక్ష మాట అటుంచి, మీ వారంటీ వాదనే కూలిపోతుంది.

ఏం అడగాలి? కొత్త బండి అడగకండి. వారంటీ అంటే లోపమున్న భాగాన్ని బాగుచేయడమో మార్చడమో తప్ప బండినే మార్చడం కాదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఛార్జింగ్ లోపం ఉచితంగా సరిచేయాలి, వారంటీ మిగిలిన కాలానికి అమల్లో ఉందని రాసివ్వాలి, షాక్ అబ్జార్బర్లకూ కూలికీ మీరు పెట్టిన డబ్బు తిరిగివ్వాలి, బండి ఆగిన రోజుల నష్టం చెల్లించాలి. ఇవి చాలు. ఆ నష్టాన్ని ‘రోజుకు రెండు వేలు’ అని నోటి లెక్కగా రాయకండి. పార్సిల్ సంస్థ నుంచి మీ బ్యాంకు ఖాతాలో పడిన మూడు నెలల మొత్తాల నుంచి ఛార్జింగ్ ఖర్చు, బావమరిదికి ఇచ్చేది తీసేసి సగటు చూపండి. ఆ తొమ్మిది రోజుల్లో అద్దె బండి పెట్టుకుని ఉంటే దాని రసీదు ఇంకా బలం. వారంటీ షరతే అన్యాయమైన ఒప్పందం అన్న వాదనను ప్రధానంగా పెట్టవద్దు. అన్యాయపు ఒప్పందాల మీద విచారించే అధికారం రాష్ట్ర కమిషన్‌కూ జాతీయ కమిషన్‌కూ ఉంది కానీ జిల్లా కమిషన్‌కు లేదు. మీది సేవాలోపం, వస్తులోపం అనండి.

ముందు డీలర్‌కూ తయారీ కంపెనీకీ కలిపి పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపండి. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో. ‘వారంటీ రద్దయింది’ అన్న మాట ఇప్పటిదాకా నోటిమాటే కాబట్టి, ఏ షరతు కింద, ఏ కారణంతో రద్దు చేశారో రాతలో చెప్పమని అందులోనే అడగండి. ఈలోపు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కొన్ని వివాదాలు అక్కడే తెగుతాయి. తెగకపోతే మీరుండే ఊరిలోనే, అంటే కాకినాడ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా సరే. బండికి చెల్లించిన ధర రూ.50 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్ పరిధి. రూ.5 నుంచి 10 లక్షల మధ్య ధరకు ఫిర్యాదు రుసుము రూ.200. వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. షాక్ అబ్జార్బర్లకు ఒక తేదీ, ఛార్జింగ్‌కు ఒక తేదీ కాబట్టి ముందు వచ్చిన దాని నుంచే లెక్కపెట్టుకోండి. ప్రయోగశాల పరీక్ష ఉంటే అయిదు నెలల్లో, లేకపోతే మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో ఇంకా పడుతుంది, నెలవాయిదాల లెక్క అలా వేసుకోండి.

బావమరిది లైసెన్స్ నకలు కూడా కాగితాల్లో ఉంచండి. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనాల లైసెన్స్‌తోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది కాబట్టి ఆ వైపు ఇబ్బంది రాదు. గడువు తీరిపోలేదు కదా, ఒకసారి చూసుకోమనండి.