జపాన్‌లో మీరు చూసింది అగేహానా, కి-అగేహానా?

క్యోటోలో తీసిన సీతాకోకచిలుక ఫోటో చూసి ఒకరు పాపిలియో జూథస్ అన్నారనీ, ఇంకొకరు పాపిలియో మకాయోన్ అన్నారనీ, మూడో వ్యక్తి మధ్యలో ‘సినోప్రిన్సెప్స్’ అనే మాట చేర్చారనీ రాశారు. వీటిలో ఏది సరైనదని మీ ప్రశ్న.

ముందు ఫోటోను పెద్దది చేసి, పై రెక్క ఒంటికి అతుక్కున్న చోట చూడండి. అక్కడ లేత పసుపు మీద సన్నని నల్ల గీతలు పొడవునా సాగి ఉంటే అది జూథస్, జపాన్‌వారి అగేహా. గీతలేవీ లేకుండా ఆ భాగమంతా నల్లగా ఉండి, దాని మీద పసుపు పొడి చల్లినట్టు కనిపిస్తే మకాయోన్, అంటే కి-అగేహా. ‘కి’ అంటే పసుపు. రంగును మాత్రం నమ్మకండి. వసంతంలో పుట్టిన జూథస్ చిన్నగా, పాలిపోయి ఉంటుంది. వేసవిలో పుట్టినది పెద్దగా, ముదురుగా ఉంటుంది. యోకొహామాలో ఉన్న తొలి ఏడాది నేనూ రంగు చూసే పొరబడ్డాను. రెక్క మొదలు చూడమని నేర్పింది మా పక్కింటి పెద్దాయన.

ఆ ఇంటి బాల్కనీలో సాన్షో మొక్క పెంచుకునేవాళ్లం. లేత రెమ్మలు కూరల మీద వేసుకుంటారని కొన్నాం. ఒక రోజు ఆకు మీద పిట్ట రెట్ట లాంటిది కనిపించింది. తుడవబోతే కదిలింది. అది జూథస్ గొంగళిపురుగు. కొన్నాళ్లకు అదే పచ్చగా, మెడ దగ్గర కంటి లాంటి మచ్చలతో వేలెడంత అయింది. వేలితో తాకగానే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ముల జత బయటికి వచ్చింది, దాంతో పాటే ఘాటైన వాసన. చిన్నప్పుడు తెనాలిలో మా పెరటి కరివేపాకు చెట్టు దగ్గర ఇదంతా చూసినదాన్నే కాబట్టి ఒక్కసారిగా ఇల్లు గుర్తొచ్చింది. అది ఊరికే వచ్చిన పోలిక కాదు. సాన్షో, కరివేపాకు, నిమ్మ మూడూ ఒకే కుటుంబం. మన నిమ్మచెట్ల మీద పెరిగే పాపిలియో డెమోలియస్ కూడా జూథస్ ఉన్న ప్రజాతిలోనిదే (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు, పేరులో మొదటి మాట దానిదే).

ఇక శాస్త్రీయ నామం. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో సీతాకోకచిలుకలన్నిటినీ పాపిలియో అనే ఒక్క ప్రజాతిలోనే పెట్టాడు. తోకలున్న ఈ గుంపుకు గ్రీకు పురాణాల పేర్లు పంచాడు: రొమ్ము మీద ఎర్రటి మచ్చలున్నవాటిని ట్రాయ్ యుద్ధంలోని ట్రోజన్లన్నాడు, లేనివాటిని గ్రీకులన్నాడు. మన దగ్గర ఎగిరే, ఒంటి మీద ఎరుపున్న హెక్టర్ ఆ ట్రోజన్ వీరుడే. మకాయోన్ గ్రీకుసేన వైద్యుడు. 1767లో పేరు పెట్టిన జూథస్, హెలెన్ అనే రాజు కొడుకు. ఈ హెలెన్ మగవాడు, ట్రాయ్ కథలోని స్త్రీ కాదు.

‘సినోప్రిన్సెప్స్’ అన్నవారూ తప్పు చెప్పలేదు. అది 1983లో హాంకాక్ అనే శాస్త్రవేత్త పెట్టిన ఉపప్రజాతి పేరు. పాపిలియో చాలా పెద్దది కనుక లోపల చిన్న గుంపులు చేస్తారు. ఈ గుంపులో జూథస్‌తో పాటు ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ దీవిలో ఉండే బెంగ్వెటానస్‌ను పెడతారు. దాన్ని కొందరు వేరే జాతి అంటారు, కొందరు జూథస్ ఉపజాతి అంటారు. గుంపుల గీతలు చెరిపి మళ్లీ గీస్తూనే ఉంటారు గానీ ‘జూథస్’ అనే మాట 1767 నుంచి నిలిచే ఉంది.

నాకు బాగా నచ్చిన చిన్న గుర్తొకటి చెబుతాను. ‘పాపిలియో జూథస్ లిన్నేయస్, 1767’ అన్నప్పుడు లిన్నేయస్ పేరుకు బ్రాకెట్లు ఉండవు. అదే జపాన్‌లోని నల్లటి జాకో-అగేహాను ‘బ్యాసా ఆల్సినస్ (క్లూగ్, 1836)’ అని రాస్తారు. దానికి మొదట పేరు పెట్టిన క్లూగ్ దాన్ని పాపిలియోలో పెట్టాడు, తరవాతివాళ్లు వేరే ప్రజాతికి మార్చారు. ఆ మార్పు జరిగిందని బ్రాకెట్లే చెబుతాయి.

జాకో అంటే కస్తూరి. మగదానికి ఆ పరిమళం ఉంటుంది. అగేహా అంటే ‘ఎత్తిన రెక్క’. జూథస్‌ను చైనావారు ‘నారింజ ఫీనిక్స్ సీతాకోకచిలుక’ అని అర్థం వచ్చేలా పిలుస్తారు, కొరియావారు హొరాంగ్ నాబి అంటారు, పులి సీతాకోకచిలుక అని. ఒకరు రెక్క ఎత్తడం చూశారు, ఒకరు అది తినే చెట్టును, ఒకరు ఒంటి మీది చారలను. ఈ మూడు పేర్లలో ఉన్నంత పరిశీలన లాటిన్ పేరులో నాకు కనిపించదు.

మీ ఫోటోలో రెక్క మొదలు సరిగా పడకపోతే, అది గుడ్లు పెట్టడానికి ఏ మొక్క చుట్టూ తిరిగిందో గుర్తుచేసుకోండి. నారింజ, నిమ్మ, సాన్షో అయితే జూథస్. క్యారెట్, పార్స్‌లీ అయితే మకాయోన్.