ఆపరేషన్ సరే చెల్లె, పక్కన ఎవరుంటరు?

ప్రశ్న: అక్కా, మాది పరకాల. డాలస్‌కు వచ్చి ఇంకా ఏడాది కాలేదు, ఇద్దరు అమ్మాయిలతో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుందామని గట్టిగా అనుకుంటున్న. ఇక్కడ చేయించుకోవాల్నా, హైదరాబాద్ పోవాల్నా? ఇంట్లో చెప్పకుండా అయితదా? సంబంధాలు చూస్తున్నరు, తెలిస్తే ఏమంటరో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లె, బరువు తగ్గే ఆపరేషన్లలో స్లీవ్ అంటే ఏమిటో, కడుపు బైపాస్ అంటే ఏమిటో నువ్వే నాకు రెండు పేజీలు రాసి పంపావు. స్లీవ్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం తీసేస్తారని, తీసేసింది మళ్లీ రాదని కూడా రాశావు. శభాష్. మీ తరం వాళ్లు వీడియోలు చూసి సర్జన్ కంటే ముందే ఆపరేషన్ నేర్చేసుకుంటారు. కానీ ఆ రెండు పేజీల్లో ఒక్క మనిషి కూడా లేదు. అమ్మ లేదు, స్నేహితురాలు లేదు, రూమ్మేట్లు ఉన్నా వాళ్లు అద్దె పంచుకోవడానికే ఉన్నట్టున్నారు. నా భయమంతా అక్కడే.

ముందు రూల్స్ సంగతి చెప్పేస్తాను. ఇవన్నీ నీ ఇన్సూరెన్స్ కాగితాల్లోనూ సర్జన్ ఆఫీసులోనూ దొరుకుతాయి, నన్ను అడగాల్సిన పని లేదు. అమెరికాలో 1991 నాటి లెక్క ప్రకారం బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకె, 40 ఉండాలి, షుగర్, బీపీ లాంటివి ఉంటే 35 చాలు. 2022లో సర్జన్ల సంఘాలు దాన్ని సడలించి, మనలాంటి ఆసియా వాళ్లకైతే 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఇన్సూరెన్స్ వాళ్లు చాలామంది ఇంకా పాత లెక్కనే పట్టుకుని ఉన్నారు. కొన్ని ఆఫీసుల ప్లాన్లలో అసలు ఈ ఆపరేషనే ఉండదు. ఉద్యోగంలో ఏడాది నిండకపోతే ఎఫ్‌ఎంఎల్‌ఏ సెలవు, అంటే జబ్బు చేసినప్పుడు ఉద్యోగం పోకుండా చట్టం ఇచ్చే జీతం లేని సెలవు, కూడా రాదు కాబట్టి ముందు హెచ్‌ఆర్‌తో మాట్లాడు. ఇండియా పోతే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ సంగతేమిటో లాయర్‌ను అడుగు.

ఇక అసలు విషయం.

నేను చేయించుకున్నప్పుడు మా ఆయన వేరే రాష్ట్రంలో ప్రాజెక్టు మీద ఉండేవారు, వారాంతాల్లో వచ్చి పోయేవారు. నాకు షుగర్ మొదలైంది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, డాక్టర్ స్లీవ్ చేయించుకోమన్నారు. ఆపరేషన్‌కు ముందు ఇక్కడ ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపుతారు. ఆమె అన్నీ అడిగి చివరికి, "ఇంట్లో నీకు తోడు ఎవరుంటారు?" అంది. నేను దాన్ని వీసా ఇంటర్వ్యూ అనుకున్నాను. తడుముకోకుండా, మా ఆయన ఉంటారు, అత్తమ్మ ఇండియా నుంచి వస్తున్నారు, పక్కింట్లో మా ఊరివాళ్లే ఉన్నారు అని చెప్పేశాను. ఒక్కటీ నిజం కాదు. అత్తమ్మకు అసలు ఈ సంగతే తెలియదు. బయటికొచ్చి ఎంత తెలివిగా చెప్పానో అని మురిసిపోయాను కూడా.

ఆమె ఆ ప్రశ్న ఎందుకడిగిందో ఆపరేషన్ అయ్యాక గాని తెలిసి రాలేదు. మత్తు ఇచ్చిన మనిషిని ఒంటరిగా ట్యాక్సీ ఎక్కించి పంపరు, తీసుకెళ్లడానికి పెద్దవాళ్లెవరైనా రావాలి. ఆ పూటకు మా ఆయన ఉన్నారు. ఆదివారం సాయంత్రం ఆయన ఫ్లైట్ ఎక్కారు. అప్పట్నుంచి ఇంట్లో నేను, ఫ్రిజ్ నిండా ప్రోటీన్ షేక్‌లు. నీళ్లు గుక్కగుక్కగా రోజంతా తాగుతూనే ఉండాలి, లీటరున్నర దాకా చేరాలి. కొత్త కడుపుకు రెండు గుక్కలకే నిండిపోయినట్టుంటుంది, దాహం వేయదు, పడుకుంటే లేవబుద్ధి కాదు. "లే, ఇంకో గుక్క తాగు" అనే మనిషి లేకపోతే ఏమవుతుంది? కళ్లు తిరిగి గోడ పట్టుకుని నిలబడ్డాను. తిరిగి ఎమర్జెన్సీకి పోయి సెలైన్ ఎక్కించుకున్నాను. ఈ ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ ఆస్పత్రికి రావడానికి పెద్ద కారణాల్లో ఇదొకటని అక్కడి నర్సు చెప్పింది. చెబుతూ నా ఫైలు చూసి, "మీ అత్తగారు రాలేదా?" అంది.

అందుకే చెల్లె, ఆ సైకాలజిస్టుకు నిజం చెప్పు. ఎవరూ లేరంటే అక్కడికక్కడే నిన్ను ఫెయిల్ చేయరు, ఏర్పాటు చేసుకుని రమ్మంటారు. మీ రూమ్మేట్లలో ఒకరిని కూర్చోబెట్టి చెప్పు. జ్వరం వస్తే, గుండె దడదడ కొట్టుకుంటుంటే, కడుపులో గాని ఎడమ భుజంలో గాని నొప్పి పెరుగుతుంటే, వాంతులు ఆగకపోతే వెంటనే సర్జన్‌కు ఫోన్ చేయాలని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించు, నంబరుతో సహా. కుట్టిన చోట లీకైతే లక్షణాలు అట్లాగే మొదలవుతాయి. ఆ పరిస్థితిలో నీ ఫోన్ నువ్వు వెతుక్కోలేవు.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాల డైట్‌లోనూ తోడు కావాలి. కాలేయంలో కొవ్వు తగ్గి అది కాస్త చిన్నదైతే సర్జన్‌కు కడుపు దగ్గరికి చేరడం తేలిక. అందుకే అన్నం, చక్కెర బంద్ చేసి ప్రోటీన్ మీద ఉంచుతారు. మీ ఫ్లాట్‌లో శుక్రవారం రాత్రి బిర్యానీ తెప్పించుకుంటారని నువ్వే రాశావు. సంగతి తెలియని వాళ్లు "ఒక్క ముక్క తినవే" అంటారు. వాళ్ల తప్పేముంది?

ఇంకోటి ఎవరూ ముందుగా చెప్పరు. నేను లావైంది తిండి మీద ఆశతోనే కాదు. ఆఫీసు నుంచి వచ్చాక ఏడింటికి ఆ అపార్ట్‌మెంట్‌లో నాతో ఉన్నది కంచమే. అన్నం, పప్పు, ఊరి నుంచి వచ్చిన తొక్కు, పక్కన ఫోన్. తొమ్మిదింటి దాకా అట్లా తింటూనే ఉండేదాన్ని. ఆపరేషన్ తర్వాత ఆ కంచం పోయింది. కడుపుకు ఆకలి లేదు, చేతికి ఉంది. కొందరు ఈ దశలో మందు వైపు తిరుగుతారు. ఈ ఆపరేషన్ తర్వాత మద్యం తొందరగా, గట్టిగా ఎక్కుతుంది, అలవాటూ తొందరగా అవుతుంది, జాగ్రత్త. నన్ను నిలబెట్టింది ఆస్పత్రిలో జరిగే సపోర్ట్ గ్రూప్, ఈ ఆపరేషన్ అయినవాళ్లంతా కూర్చుని మాట్లాడుకునేది. మొదట్లో పోలేదు. వాళ్ల తిండి వేరు, మన తిండి వేరు, వాళ్లకేం తెలుసని నా పొగరు. పోయాక ఒక మెక్సికన్ పెద్దావిడ పరిచయమైంది. తినకపోతే వాళ్లమ్మ అలుగుతుందట. ఆవిడ, నేను సాయంత్రాలు నడుస్తూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. ఇప్పటికీ మాట్లాడుకుంటాం.

ఇప్పుడు ఇంట్లో చెప్పకపోవడం గురించి. నాకు జరిగింది హెర్నియా ఆపరేషన్ అని మా అమ్మకు చెప్పాను. ఆమెకు తెలిసిన వైద్యం ఆమె మొదలుపెట్టింది. రోజూ ఫోన్లో అంబలి తాగు, గంజి తాగు, తేలిగ్గా ఉంటాయి అంటుంది. నాకూ సబబే అనిపించి షేక్‌లు పక్కన పెట్టి వాటి మీద పడ్డాను. తేలికే, కానీ వాటిలో ప్రోటీన్ ఎంతని? రోజుకు 60 నుంచి 80 గ్రాములు కావాలి. పప్పుకట్టుతో కూడా అది తీరదు. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాలు ద్రవాలే కాబట్టి వే ప్రోటీన్, అంటే పాల నుంచి తీసే ప్రోటీన్ పొడి, తప్పదు. ఆ తర్వాత మెత్తగా చిదిమిన గుడ్డు, గట్టి పెరుగు, పనీరు, మెత్తటి చేప, చిక్కటి పప్పు. మామూలు తిండికి రావడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. నా అంబలి ముచ్చట ఫలితం మూడో నెలలో కనిపించింది. జుట్టు కుచ్చులుకుచ్చులుగా ఊడింది. తొందరగా బరువు తగ్గితే ఎవరికైనా కొంత ఊడుతుంది, తర్వాత వస్తుంది. ప్రోటీన్, ఐరన్ చాలకపోతే ఇంకా ఎక్కువ ఊడుతుంది.

ఆ ఏడాది దసరాకు హన్మకొండ పోయాను. పోయేటప్పుడు ఎంత సంబరమో! కొత్త పట్టుచీర, జాకెట్ రెండుసార్లు కుట్లు వేయించుకుని బిగించుకున్నాను. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మకు పోతే అందరూ అందంగా ఉన్నావంటారనుకున్నాను. ఒక చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏమైంది బిడ్డా, గిట్లెండిపోయినవ్? షుగరా, ఇంకేమన్ననా?" అంది. ఆ 'ఇంకేమన్నా' అంటే క్యాన్సర్ అని. ఇంకొకావిడ మా ఆయన నన్ను మంచిగా చూసుకుంటున్నాడా లేదా అని మా అమ్మను పక్కకు తీసుకుపోయి అడిగింది. దాచినప్పుడు జనం ఊరుకోరు, ఖాళీని వాళ్లకు తోచిన కథతో నింపుతారు.

మర్నాడు మేనమామ ఇంట్లో దసరా దావత్. బగారన్నం, మటన్. నేను బాగున్నానని నిరూపించడానికి అందరి ముందు గబగబా తిన్నాను, మధ్యలో నీళ్లు కూడా తాగాను. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగాలి అన్న రూలు ఆ వేళ గుర్తొస్తుందా? ముక్క ఛాతీలో ఇరుక్కుంది. నోట్లో నురుగు, కళ్లలో నీళ్లు. మామ కారు తాళాలు తీసి ఎంజీఎం ఆస్పత్రికి పోదాం పదమంటున్నాడు, అత్త దిష్టి తీస్తోంది. బాత్రూమ్‌లో కక్కి బయటికి వచ్చాక ఇక దాచలేక మా అమ్మకు అంతా చెప్పాను. ఆమె కాసేపు నోరు మెదపలేదు. తర్వాత, "కడుపు కోయించుకున్నవు సరే, కోడిగుడ్డు తినొచ్చునా?" అంది.

అంతే, ఆ రోజు నుంచి వాడకట్టంతా ఆపరేషన్ తనే చేసినట్టు చెప్పుకొచ్చింది. ఎవరైనా నా కంచంలో ఇంకో గరిటె వెయ్యబోతే అడ్డం పడేది ఆమే. సకినాలు కూడా దాచేసింది. నేను అది అన్యాయమన్నాను గాని ఆమెదే రైటు. సకినాలు, మురుకుల లాంటివి నమిలితే పొడై జారిపోతాయి, కడుపు నిండినట్టే ఉండదు, బరువు మళ్లీ ఎక్కేది వాటితోనే. అన్నం అట్లా కాదు, నాలుగు ముద్దలకే బరువుగా కూర్చుంటుంది.

కాబట్టి ఇక్కడా, హైదరాబాద్‌లోనా అన్న నీ ప్రశ్నకు నా జవాబు ఇది: ఇక్కడ నీతో ఉండే మనిషి దొరికితే ఇక్కడే, దొరక్కపోతే ఇంటికి పో. ఇంటికి పోతే మాత్రం కుట్లు ఆరగానే విమానం ఎక్కకు. ఆపరేషన్ తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే భయం ఉంటుంది, గంటల కొద్దీ కూర్చునే ప్రయాణం దాన్ని పెంచుతుంది. ఎప్పుడు ఎగరవచ్చో సర్జన్ నోటితో చెప్పించుకో, కాగితాలన్నీ ఇంగ్లిష్‌లో తెచ్చుకో, ఇక్కడ తర్వాతి చెకప్‌లు చూసే డాక్టర్‌ను ముందే మాట్లాడిపెట్టుకో. చాలామంది సర్జన్లు వేరేచోట చేసిన ఆపరేషన్ తాలూకు మనిషిని చూడటానికి ఇష్టపడరు. అక్కడ ఇంకో చిక్కు, మనుషులు మరీ ఎక్కువైపోతారు. పరకాల నుంచి చూడొచ్చిన వాళ్లంతా బత్తాయిలు, హార్లిక్స్ డబ్బాలు తెస్తారు. అమ్మను తలుపు దగ్గర కాపలా పెట్టు.

విటమిన్లు జన్మంతా వేసుకోవాలి: మల్టీవిటమిన్, బీ12, ఐరన్, డీ, కాల్షియం సిట్రేట్. ఐరన్‌ను, కాల్షియంను ఒకేసారి మింగొద్దు, రెండు గంటల తేడా ఉండాలి. ఒళ్లు నొప్పులకు అలవాటుగా వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటివి డాక్టర్‌ను అడగకుండా ముట్టొద్దు.

సంబంధాల సంగతి. మాటలు నిశ్చయం కాకముందే అబ్బాయికి నువ్వే చెప్పు, మధ్యవర్తితో చెప్పించకు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు. పెళ్లైన మూడో నెల నుంచే "ఏమన్న విశేషమా?" అని అడిగే మన ఇళ్లలో ఆ మాట నీ ఒక్కదాని కడుపులో పెట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతావు? దానికి తోడు రోజూ రెండు ముద్దలు తిని లేస్తుంటే అత్తగారింట్లో వంట నచ్చలేదనుకుంటారు. విని వెనక్కి పోయేవాడు పోనీ.

అమ్మకు చెప్పడం మాత్రం ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకముందే. ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చెయ్యి, అక్కడ ఆదివారం పొద్దున అవుతుంది, నాన్న కూడా ఇంట్లో ఉంటారు. రాత్రిపూట వాళ్లకు చెబితే తెల్లవార్లూ నిద్రపోరు. వీడియో కాల్ చెయ్యి, రూమ్మేట్‌ను కూడా పక్కన కూర్చోబెట్టుకో, ఆ అమ్మాయి నంబరు అమ్మకు ఇవ్వు. నువ్వు మత్తులో ఉన్నప్పుడు ఆమెకు ఫోన్ చేసేది ఆ అమ్మాయే.