ఇంజిన్ రూమ్ హోరు ఇంటికొచ్చినా వదలడం లేదు!

ప్రశ్న: మాది కావలి. వయసు 34. సరుకుల ఓడలో ఆయిలర్‌గా (ఇంజిన్ రూమ్‌లో యంత్రాలకు నూనె వేసి చూసుకునే పని) పనిచేసి, తొమ్మిది నెలల కాంట్రాక్టు ముగించుకుని ఈ మధ్యే వచ్చాను. ఓడలో నాది మధ్యాహ్నం, అర్ధరాత్రి 12 నుంచి 4 దాకా వాచ్ (డ్యూటీ). ఇంటి దగ్గరా తెల్లవారుజాము వరకు నిద్ర పట్టడం లేదు. రెండు చెవుల్లో ‘గుయ్’మని శబ్దం వస్తోంది. నిద్రమాత్రలు వాడవచ్చా?

జవాబు: మీరు నిద్ర గురించి అడిగారు గానీ, ముందుగా చూపించుకోవాల్సింది చెవులు. ఇంజిన్ రూమ్‌లో శబ్దం 100 డెసిబెల్స్ దాటడం మామూలే. 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలు భరించవచ్చని లెక్క వేసుకుంటే, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది కాబట్టి, 100 డెసిబెల్స్ దగ్గర రక్షణ లేని చెవికి మిగిలేది సుమారు 15 నిమిషాలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. ఈ నష్టం సాధారణంగా 4,000 హెర్ట్జ్ పరిసరాల్లోని సన్నని ధ్వనులతో మొదలవుతుంది గనుక, పెళ్లి సందడిలో ఎదుటివారి గొంతు వినిపిస్తుంది గానీ మాట అర్థం కాదు. ‘ఏంటీ, మళ్లీ చెప్పు’ అనడం మీకు ఎక్కువైందేమో ఇంట్లో అడగండి. మీకన్నా ముందు వాళ్లే గమనించి ఉంటారు.

హోరుకు దూరంగా ఉన్న ఈ సెలవుల్లోనే నెల్లూరులో ఈఎన్‌టీ నిపుణుడిని కలిసి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. గులిమి గట్టిపడినా ఇలాంటి శబ్దం రావచ్చు. అదే కారణమైతే తీయించుకుంటే సరిపోతుంది. కాచిన వెల్లుల్లి నూనె మాత్రం పోయకండి. ఉన్నట్టుండి వినికిడి తగ్గినా, కళ్లు తిరిగినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ‘అన్‌ఫిట్’ అని రాస్తారేమోనన్న భయంతో ఈ సంగతిని ఓడ ఎక్కే ముందు చేసే వైద్య పరీక్షలో (మెడికల్‌లో) దాచేవారున్నారు. దాచి మళ్లీ అదే హోరులోకి దిగితే ఉన్న వినికిడి కూడా పోతుంది. ఇకపై ఇయర్ ప్లగ్‌లు పెట్టుకుని, వాటిపైన చెవులను పూర్తిగా కప్పే మఫ్‌లు ధరించండి. జనరేటర్ పక్కన తోటివారి మాట కోసం మఫ్‌ను ఒక పక్కకు జరపడం చాలామందికి అలవాటు, అది మానాలి.

ఇక నిద్ర. మీ శరీరం ఇంకా ఆ వాచ్ వేళలనే పాటిస్తోంది. దీనికి మాత్రలు అక్కర్లేదు. ముఖ్యంగా మందుల షాపులో అడిగి తెచ్చుకునే అల్ప్రాజోలం తొందరగా అలవాటైపోతుంది. ఎప్పుడు పడుకున్నా ఉదయం ఒకే వేళకు లేచి, అరగంట ఎండలో నడవండి. మధ్యాహ్నం దాటాక టీ, కాఫీలు, పగటి కునుకు మానండి. మూడు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే, లేదా దిగులుగా ఉంటే, వైద్యుడిని కలవండి. ఓడలో ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని సముద్ర కార్మిక ఒప్పందం చెబుతోంది. కాబట్టి మళ్లీ సైన్ ఆన్ అయ్యాక (ఓడలో చేరాక), పడుకోని గంటలకు విశ్రాంతి పట్టికలో సంతకం పెట్టకండి.