నిన్న నాలుగింటికే లేచావు, ఇవాళ ఏమైంది?

ప్రశ్న: నా వయసు 34. కాకినాడలో ఒక బ్యాంకులో క్లర్కుగా పనిచేస్తున్నాను. మూడేళ్ల క్రితం నెల రోజులపాటు సరిగ్గా నిద్రపోకుండా, దాచుకున్న డబ్బంతా చీరలకీ ఏదో ఆన్‌లైన్ వ్యాపారానికీ తగలేసి, చివరికి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. బైపోలార్ డిజార్డర్ (మనసు కొన్నాళ్లు ఉరకలేసి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బు) అన్నారు. అప్పట్నించి లిథియం, రాత్రి పడుకునే ముందు క్వెటియాపిన్ వాడుతున్నాను. మళ్లీ అంత పెద్దగా ఏమీ రాలేదు. కానీ పొద్దున్నే ఎలా లేస్తానో నాకే తెలియదు. ఒకరోజు కాలు మంచం మీంచి దించలేను. కుక్కర్ విజిల్ వినపడితే ఏడుపొస్తుంది. ఎనిమిదేళ్ల పాప జడ వేయమంటే కసురుతాను. ఇంకోరోజు నాలుగింటికే మెలకువొచ్చి, వంటింటి అటక దులిపి, గారెలు కూడా వేసేస్తాను. "నిన్న లేవగలిగినదానివి ఇవాళ ఎందుకు లేవలేవు?" అంటారు అత్తగారు. మావారు పైకి ఏమీ అనరు గానీ ఆయన ముఖంలోనూ అదే ప్రశ్న. మర్నాడు పెందలాడే లేవాల్సిన పని ఉంటే రాత్రి మాత్ర మానేస్తున్నాను. ఒక్కోసారి అసలు మెలకువ రాకపోతే బాగుండును అనిపిస్తుంది. కార్తీకం వస్తోంది, తెల్లవారుజాము స్నానాలంటే ఇప్పట్నించే భయం. ఉద్యోగం మానేస్తే కుదుటపడతానా?
– ఒక సోదరి, కాకినాడ

జవాబు: మీరు చివర్లో ఇరికించి రాసిన మాట నుంచే మొదలుపెడతాను. "మెలకువ రాకపోతే బాగుండును" అన్న ఆలోచన ఈ జబ్బులో దిగులు కమ్మినప్పుడు చాలామందికి వస్తుంది. అలసటకొద్దీ అనుకున్న మాటేలే అని దాటేయకండి. ఈ రోజే మీవారికి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరు గారికీ ఫోన్ చేసి చెప్పండి. ఇంట్లో ఎవరికీ చెప్పలేని వేళ అయితే 14416కి చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ ఆలోచన "ఎలా" అనేదాకా వెళ్లిందంటే మాత్రం ఒంటరిగా ఉండకండి, వెంటనే ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఇక పొద్దుల సంగతి. మీ ఇంట్లో అందరూ, మీతో సహా, ఒక లెక్క వేసుకున్నారు. నాలుగింటికి లేచిన రోజు మీరు బాగున్నట్టు, లేవలేని రోజు బాగాలేనట్టు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది గారెలు వేసిన పొద్దు. ఆ ముందు రాత్రి ఎన్నింటికి పడుకున్నారో మీరు రాయలేదు. పదకొండు దాటాక పడుకుని, నాలుగింటికే లేచి, సాయంత్రం దాకా అలుపే తెలియలేదంటే అది ఆరోగ్యం కాదు. మామూలు మనిషి అంత తక్కువ నిద్రపోతే మర్నాడు ఆఫీసులో తూలుతూ ఉంటాడు. నిద్ర తగ్గినా ఓపిక పెరగడం మేనియాకి, అంటే మనసు అదుపు తప్పి ఉరకలేసే దశకి, ముందు కనపడే ముఖ్యమైన గుర్తు. జబ్బు నిద్రను తగ్గిస్తుంది, తగ్గిన నిద్ర మళ్లీ జబ్బును లేపుతుంది. మూడేళ్ల క్రితం మీకు జరిగిందీ నిద్ర కరువైన నెలలోనే కదా.

బరువుగా లేచే పొద్దుకి కారణాలు కలగాపులగంగా ఉంటాయి. నిద్ర లేచాక పావుగంట నుంచి గంట దాకా మెదడు పూర్తిగా తేరుకోకపోవడం అందరికీ ఉన్నదే. డిప్రెషన్‌లో చాలామందికి పొద్దుటిపూట దిగులు గట్టిగా ఉండి సాయంత్రానికి తేలికవుతుంది. ఆ పైన క్వెటియాపిన్ మత్తు. లిథియం వాడేవాళ్లలో కొందరికి థైరాయిడ్ మందగిస్తుంది. అప్పుడు కూడా ఒళ్లు బరువు, నీరసం, దేని మీదా మనసు పోకపోవడం ఉంటాయి, అచ్చం డిప్రెషన్‌లాగే. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), రక్తంలో లిథియం స్థాయి చూపించుకుని ఆరు నెలలు దాటి ఉంటే ఈ వారమే చేయించండి. లిథియం పరీక్షకి రక్తం ముందు రాత్రి లిథియం మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి ఇవ్వాలి. పొద్దుటి మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ల్యాబుల్లో ఈ సంగతి అన్నిచోట్లా చెప్పరు. మాత్ర మింగి వెళ్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది.

రాత్రి మాత్ర మానేయడం గురించి మిమ్మల్ని కోప్పడను. మత్తు దిగక కౌంటర్‌లో కూర్చుని నోట్లు లెక్కపెట్టే కష్టం చిన్నది కాదు. అయితే ఒక పని చేయండి. మాత్ర మానేసిన రాత్రులకీ, నాలుగింటికి లేచిన పొద్దులకీ పొంతన ఉందేమో చూడండి. ఉంటుందని నా అనుమానం. అదే నిజమైతే, అత్తగారు మెచ్చుకునే పొద్దు మందు మానేయడం వల్ల వచ్చిన పొద్దు. మాత్ర ఏ వేళకి వేసుకుంటున్నారో కూడా చూసుకోండి. చీటీలో "పడుకునే ముందు" అని ఉంటుంది. మనవాళ్లు సీరియల్ అయ్యాక, గిన్నెలు సర్దాక, రేపటి పప్పు నానబోశాక, పదకొండున్నరకి వేసుకుంటారు. అర్ధరాత్రికి పట్టిన మత్తు ఆరింటికి ఎలా దిగుతుంది? ఎనిమిదిన్నరకో తొమ్మిదికో వేసుకోవచ్చా అని డాక్టరు గారిని అడగండి. ఆయన వేళ మారుస్తారా, మోతాదు తగ్గిస్తారా, మందే మారుస్తారా అన్నది ఆయన నిర్ణయం. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి. లిథియం హఠాత్తుగా మానేస్తే మేనియా తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ ఫ్రాంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఈ జబ్బు కోసం ఒక చికిత్స రూపొందించారు. అందులో రోజూ ఐదు వేళలు రాసుకోమంటారు: మంచం దిగిన వేళ, మొదటిసారి మరో మనిషితో మాట్లాడిన వేళ, పని మొదలుపెట్టిన వేళ, రాత్రి భోజనం వేళ, పడుకున్న వేళ. ఈ ఐదూ ఎంత నిలకడగా ఉంటే లోపలి గడియారం అంత నిలకడగా నడుస్తుందన్నది వాళ్ల ఆలోచన. మందులకి తోడుగా చేసేదే, మందులకి బదులుగా కాదు.

మీరు అన్నిటికన్నా ముందు పట్టుకోవాల్సింది మొదటిది. ఆరు అనుకుందాం. బరువుగా ఉన్న రోజూ ఆరే, హుషారుగా ఉన్న రోజూ ఆరే, ఆదివారమూ ఆరే. బరువైన రోజు ఆరింటికి మీరు చేయాల్సింది మంచం దిగి బాల్కనీలోనో వాకిట్లోనో కుర్చీలో కూర్చోవడం, అంతే. వెలుతురు ముఖానికి తగలాలి, మంచినీళ్లు, కాఫీ. ఆ అరగంటలో మీకు ఎవరూ పని చెప్పకూడదు, మంచీ చెడూ మాట్లాడకూడదు. (కాఫీ రోజూ ఎంత తాగుతారో అంతే తాగండి. ఉన్నట్టుండి మానేసినా పెంచినా లిథియం స్థాయి అటూ ఇటూ అవుతుంది.) నాలుగింటికి మెలకువ వచ్చిన రోజు దీనికన్నా కష్టం. లైటు వేయకుండా, ఫోన్ ముట్టుకోకుండా, వంటింటి వైపు వెళ్లకుండా ఆరింటిదాకా పడుకునే ఉండాలి. నిద్ర పట్టకపోయినా సరే. అటక దుమ్ము ఎక్కడికీ పోదు.

ఇంటిపని కూడా రెండు రకాల పొద్దుల్లోనూ ఒకే కొలతలో ఉండాలి. ఇంట్లో మాటలు పడాల్సి రావడానికి అసలు కారణం ఆ కొలత రోజుకో రకంగా మారడమే. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉంటే టిఫిన్ మీరు పెట్టండి. బాక్సు కట్టడం, పాప జడ మీవారివి. మీరు బాగాలేని రోజుల్లో మాత్రమే కాదు, రోజూ. మగవాళ్లకి జడ వేయడం రాదనేది పెద్ద సమస్య కాదు, యూట్యూబ్ ఉంది. యూనిఫాం, పుస్తకాల సంచి, మీ బ్యాంకు చీర రాత్రే సిద్ధం. హుషారుగా ఉన్న రోజున మీకు గారెలు వేయాలనిపిస్తుంది. వేయకండి. ఆ రోజు మీరు పదిమంది పని చేస్తే, మర్నాడు ఒక్క మనిషి పని కూడా చేయలేకపోవడం నేరంలా కనిపిస్తుంది.

పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు ఉంటుంది కదా, అందులో పడుకున్న వేళ, లేచిన వేళ రాయండి. పక్కనే మనసు ఎలా ఉందో ఒక అంకె: మరీ కుంగితే మైనస్ మూడు, మామూలైతే సున్నా, మరీ ఉరకలేస్తే ప్లస్ మూడు. పొద్దున ఏడింటికొకసారి, మళ్లీ పదకొండింటికొకసారి. అందరి కళ్లూ పడతాయనుకుంటే ఫోన్‌లో రాసుకోండి. కొన్నాళ్లకి మీకే తెలుస్తుంది, ఏడింటి అంకె చూసి ఆ రోజంతా ఎలా గడుస్తుందో చెప్పలేమని. అందుకే పదింటిలోపు ఏ నిర్ణయమూ వద్దు. కొనడాలు, పొడుగాటి వాట్సాప్ మెసేజీలు, రాజీనామాలు, అత్తగారికి సమాధానాలు, అన్నీ పది తర్వాతే. వరసగా రెండు రాత్రులు నిద్ర బాగా తగ్గి, అయినా ఓపికగా ఉండి, మాట వేగం పెరిగినా, ఆన్‌లైన్ బుట్ట నిండుతున్నా అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయాలి. ఫోన్ చేసే పని మీవారికి అప్పగించండి. ఆ రోజున మీకు అంతా బ్రహ్మాండంగా ఉన్నట్టే అనిపిస్తుంది, మీరు చేయరు.

కార్తీకం గురించి మీ భయం సబబైనదే. మూడింటికి లేచి స్నానాలు, శివరాత్రి జాగారం, అర్ధరాత్రి ముహూర్తాల పెళ్లిళ్లు, రాత్రి బస్సు ప్రయాణాలు, మనకి నిద్ర కోసేవన్నీ పుణ్యంతోనో శుభంతోనో ముడిపడి ఉంటాయి. ఈ జబ్బు ఉన్నవాళ్లకి వాటిలో ఒక్కటి చాలు గాడి తప్పడానికి. సాయంత్రం దీపం పెట్టండి. అది కూడా కార్తీక నియమమే, అత్తగారికి అభ్యంతరం ఉండదు. ఉపవాసం సంగతి ఇంకా జాగ్రత్త. లిథియం వాడుతూ నీళ్లు మానేస్తే, ఉప్పు లేని చప్పిడి తింటే, రక్తంలో మందు మోతాదు మించుతుంది. వాంతులు, విరేచనాలు అయినా అంతే. ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో ఇచ్చే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఆ పనే చేస్తాయి. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి లిథియం మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అత్తగారికి ఎలా చెప్పాలి? "షుగర్ లాంటిదేనండీ ఇదీ" అని చెప్పమంటారు అందరూ. చెప్పినా ఆవిడ అనుమానం తీరదు. నిన్న మిమ్మల్ని కళ్లారా చూశారు మరి. ఆవిడకి చెప్పాల్సింది వేరే మాట: "అత్తయ్యా, ఇవాళ లేవలేకపోవడం ఒక్కటే జబ్బు కాదు, నిన్న నాలుగింటికి లేవడమూ జబ్బే." ఈ మాట మీ నోట కన్నా మీవారి నోట, ఇంకా మేలు డాక్టరు గారి నోట రావాలి. ఈసారి ఇద్దర్నీ వెంట తీసుకెళ్లండి. నాలుగింటికి లేచినప్పుడు ముందుగా కనిపెట్టేది ఆవిడే కాబట్టి, ఆవిడ మీకు బాగా పనికొస్తారు.

పాపకి ఎనిమిదేళ్లు, చాలా అర్థమవుతుంది. "కొన్ని రోజులు పొద్దున్నే అమ్మకి ఒంట్లో బాగుండదు, గొంతు పెరుగుతుంది. నువ్వేం తప్పు చేయలేదు" అని మీరు బాగున్న ఒక సాయంత్రం చెప్పండి. కసిరిన రోజున పడుకునేలోపు సారీ చెప్పండి, పొడుగ్గా వద్దు.

ఉద్యోగం మానకండి, కనీసం ఇప్పుడు. మానేయాలన్న ఆలోచన ఏ వేళకి వస్తోందో చూడండి, ఏడింటికా, పదకొండింటికా? బ్యాంకుకి వెళ్లాల్సి రావడమే మీ రోజుకి ఒక వేళను నిలబెడుతోంది. అది పోతే ఆరింటికి లేవడానికి కారణం కూడా పోతుంది. మత్తు సంగతి తేలేదాకా మొదటి గంట క్యాష్ కౌంటర్ కాకుండా వేరే సీటు ఇవ్వమని మేనేజరుని అడగవచ్చు. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఉదయం మత్తు కలిగించే మందులు వాడుతున్నారని డాక్టరు రాసిచ్చే కాగితం చాలాచోట్ల సరిపోతుంది. మందులు సర్దుకుని, వేళలు కుదిరి, రెండు మూడు నెలలు గడిచాక కూడా మానేయాలనే అనిపిస్తే, మళ్లీ రాయండి.