వంజంగి, లంబసింగిలో టెంటు వేసుకుని పడుకోవాలంటే

అడిగింది: "డిసెంబరులో మేం భార్యాభర్తలిద్దరం విశాఖ నుంచి సొంత కారులో అరకు, వంజంగి, లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. మూడు పగళ్లు, రెండు రాత్రులు. టెంటులోనే పడుకోవాలని ఉంది. రూటు ఎలా వేసుకోవాలి, ఏమేం పట్టుకెళ్లాలి?"

ఉన్నవి రెండే రాత్రులు కాబట్టి అరకులో రాత్రి ఆగకండి, బొర్రా గుహలు ఇంకోసారికి ఉంచుకోండి. వంజంగి మబ్బులైనా లంబసింగి చలైనా తెల్లవారుజామునే. మిట్టమధ్యాహ్నం చేరితే లంబసింగి మామూలు ఊరే. అందుకని రెండు రాత్రులూ ఆ రెండు చోట్లే గడపాలి. విశాఖలో ఆరింటికల్లా బయల్దేరితే ఎస్.కోట, అనంతగిరి ఘాట్ మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. అక్కడ భోంచేసి ఇంకో 45 కిలోమీటర్లు వెళ్తే పాడేరు, దాని దగ్గర్లోనే వంజంగి కొండ. సాయంత్రం నాలుగు గంటలకల్లా వంజంగి దగ్గరుండాలి. డిసెంబరులో ఐదున్నరకే పొద్దుగూకుతుంది, సెల్‌ఫోన్ లైటు వెలుగులో వేసిన టెంటుకి మేకులు సరిగ్గా దిగవు. రెండో రోజు పొద్దున్న కొండెక్కి, మధ్యాహ్నం లంబసింగికి. మూడో రోజు తెల్లవారకముందే లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండకి వెళ్లి, మంచు చూసుకుని నర్సీపట్నం మీదుగా ఇంటికి. పెట్రోలు ఎస్.కోటలో ఫుల్ చేయించండి, మ్యాపు ముందే ఫోన్లో దించుకోండి. పాడేరు దాటాక సిగ్నల్‌ని నమ్ముకోలేం.

ఇక అసలు సంగతి, టెంటు ఎక్కడ వేయాలన్నది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేలలోని వేడి పైకి పోతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట జారి పల్లంలో చేరుతుంది, అందులో ఉన్న తేమ పొగమంచుగా మారుతుంది. వంజంగి పైనుంచి పాలసముద్రంలా కనిపించేది చాలావరకు అదే. పైనుంచి చూస్తే కన్నుల పండుగ, దాని అడుగున పడుకుంటే తెల్లారేసరికి టెంటు పిండితే నీళ్లు కారతాయి. కాబట్టి వాగు ఒడ్డు, పొలాల పల్లం, చెరువు గట్టు వద్దు. లంబసింగి దగ్గరి తాజంగి రిజర్వాయరు ఒడ్డు ఫొటోలకు ఎంత బాగుంటుందో పడుకోడానికి అంత చెడ్డ చోటు. శిఖరం మీద గాలి కొడుతుంది, అదీ వద్దు. వాలు నడుమ, పల్లానికి పాతిక ముప్పై మీటర్లు ఎత్తున, చెట్ల వరసకి దగ్గరగా సమంగా ఉన్న జాగా చూసుకోండి. ఎండుకొమ్మలు వేలాడే చెట్టు కింద మాత్రం వేయొద్దు.

రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా టెంటు వేయకూడదు. మిగతా భూమి చాలావరకు గిరిజన రైతులది, అడిగి డబ్బులిచ్చే వేయండి. బాత్రూమ్ దగ్గర్లో ఉందో లేదో డబ్బులిచ్చే ముందే చూసుకోండి.

ఇద్దరికి ముగ్గురు పట్టే టెంటు తీసుకోండి, పైన విడిగా ఫ్లై, అంటే వాన, మంచు ఆపే పై గుడ్డ ఉన్న రెండు పొరలదే. ఇద్దరి ఊపిరి, చెమట కలిపితే రాత్రికి పావు లీటరుకి పైనే నీరు లోపల చేరుతుంది. చలని కిటికీలన్నీ మూసేస్తే అదంతా గుడ్డకి పట్టి మీ మీదే కారుతుంది. ఎదురెదురుగా రెండు వెంట్లు (గాలి ఆడే సందులు) నాలుగు వేళ్లు పట్టేంత తెరిచి ఉంచాలి. ఫ్లై లోపలి గుడ్డకి తగలకుండా బిగువుగా ఉండాలి, తగిలిన చోటల్లా తడి లోపలికి దిగుతుంది. కింద పరిచే పట్టా టెంటు అడుగుకన్నా నాలుగువైపులా రెండంగుళాలు చిన్నదిగా మడవండి. బయటికి కనిపించిందంటే ఫ్లై మీంచి జారిన మంచునీళ్లు దాని మీద పడి నేరుగా మీ వీపు కిందికి చేరతాయి. డిసెంబరుకి ఎర్రమట్టి గట్టిపడి ఉంటుంది, అల్యూమినియం మేకులు వంగిపోతాయి. ఇనుప మేకులు, చిన్న సుత్తి పట్టుకెళ్లండి.

లంబసింగిలో తెల్లవారుజామున ఐదారు డిగ్రీలకి దిగడం మామూలే, కొన్ని రోజులు ఇంకా తగ్గుతుంది. ఆ చలి పైనుంచికన్నా కిందినుంచే ఎక్కువ లాగుతుంది. గాలి నింపే పరుపు వద్దు, లోపలి గాలి చల్లబడి రాత్రంతా ఒంటి వేడిని లాగేస్తుంది. మనిషికి 10 మిల్లీమీటర్ల ఫోమ్ మ్యాట్, దానిమీద మడత దుప్పటి. స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు ఎలాగోలా ఓర్చుకోగల చలిని చెప్పే "లిమిట్" అంకె కాదు, హాయిగా పడుకోగల చలిని చెప్పే "కంఫర్ట్" అంకె 5 డిగ్రీలో అంతకన్నా తక్కువో ఉండాలి. ఒకే మోడల్లో ఒకటి ఎడమ జిప్పు, ఒకటి కుడి జిప్పు తీసుకుంటే రెండూ కలిపి ఒకే పక్కగా వేసుకోవచ్చు, ఇద్దరి వేడీ ఒకరికొకరికి పనికొస్తుంది.

ఇది మాత్రం తప్పకుండా పాటించండి: టెంటులోకి కుంపటి, నిప్పులు, స్టవ్ ఏదీ తేవద్దు. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. నెగడు టెంటుకి కనీసం ఐదు మీటర్ల దూరంలో, గాలివాలు చూసి వేసుకుని, పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పండి. చిన్న గ్యాస్ డబ్బా స్టవ్ పొద్దున్నే నీరసంగా మండితే డబ్బా పాడైందనుకోకండి. బ్యూటేన్ సున్నాకి కాస్త కిందే మరుగుతుంది, అందుకే చలిలో ఒత్తిడి పడిపోతుంది. రాత్రి డబ్బాని స్లీపింగ్ బ్యాగు పక్కన దుప్పట్లో చుట్టి ఉంచితే చాలు.

కారు విషయానికొస్తే, 30 డిగ్రీల వేడిలో విశాఖలో టైర్లకి గాలి పట్టిస్తే, లంబసింగి తెల్లవారుజామున మీటరు మూడు పీఎస్‌ఐ దాకా తక్కువ చూపిస్తుంది. పంచరని కంగారు పడొద్దు. దిగేటప్పుడు సెకండ్ గేరు, ఆటోమేటిక్ అయితే ఎల్ లేదా మాన్యువల్. బ్రేకు మీద కాలు ఆనించి దిగితే ఫ్లూయిడ్ మరిగి పెడల్ మెత్తబడుతుంది. కాలిన వాసనొస్తే వెడల్పైన చోట ఆపి అరగంట ఆరనివ్వండి, బ్రేకు డిస్కు మీద నీళ్లు పోయొద్దు. ఇరుకైన చోట ఎక్కే బండికి దిగే బండే దారివ్వాలి. మలుపు దగ్గర హారన్ కొట్టి బాగా ఎడమకి ఉండండి, ఆర్టీసీ బస్సు తిరగాలంటే రోడ్డంతా కావాలి. మంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుంది, లోబీమ్ మీదే నడపండి. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కొద్దు.

వంజంగిలో ఆరుంబావు దాటాక సూర్యోదయం. పార్కింగు నుంచి గంట నడక వేసుకుని ఐదుకే బయల్దేరండి, చెరొక హెడ్‌టార్చి ఉండాలి.

ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, చలికాలమూ మలేరియా ఉంది. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, దోమల క్రీము తప్పనిసరి. తిరిగొచ్చాక కొన్ని నెలల దాకా ఎప్పుడు జ్వరమొచ్చినా ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి మొదటే చెప్పండి. ఒంటిమీద సిగరెట్ కాలినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే అదీ చూపించండి, గడ్డిలో ఉండే పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్‌కి అది గుర్తు.

ఇంటికి చేరిన రోజే టెంటు డాబా మీద విప్పి నీడలో ఆరేయండి. తడిగా మడిచి రెండ్రోజులు డిక్కీలో ఉంచితే బూజు పడుతుంది, మళ్లీమళ్లీ అలాగే చేస్తే లోపలి వాటర్‌ప్రూఫ్ పూత జిగురై ఊడుతుంది.